గాలిలో వంతు



మాది సీతారామపురం. నెల్లూరు జిల్లాకు పడమటి కొసన, వెలిగొండల పక్కన ఉంటుంది. ఘాటు రోడ్డెక్కి అవతలికి దిగితే పోరుమామిళ్ల, అంటే కడప జిల్లా. నెల్లూరు మాకు వంద కిలోమీటర్లకు పైమాటే. నా చిన్నతనంలో మా ఇంట్లో రేడియో తిప్పితే మొదట పలికేది కడప కేంద్రం. 333.3 మీటర్లు, 900 కిలోహెర్ట్జ్ అని అనౌన్సరు చెబుతుంటే, ఆ అంకెలు దేని కొలతలో తెలియకుండానే మాకు నోటికి వచ్చేశాయి. ఇన్ని కొండలు దాటుకుని ఆ గొంతు మన వంటింట్లోకి ఎట్లా వస్తుందని ఒకరోజు మా అమ్మను అడిగాను. గాలిలో వస్తుంది అంది అమ్మ. ఆ అలకు గాలితో పని లేదని, గాలి లేని చోట కూడా అది ప్రయాణం చేస్తుందని తర్వాత చదువుకున్నాను. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఈరోజు కూడా గాలిలో అనే అంటాను.

ఇప్పుడు నేను ఒక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ విభాగంలో పనిచేస్తున్నాను. క్లాసుల్లో, లైబ్రరీలో, హాస్టళ్లలో వైఫై నడిచేట్టు చూడటం మా పని. సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు పక్క నుంచి ఈ ఏడు కొత్తగా కాకుటూరులోని విక్రమ సింహపురికో, తిరుపతి శ్రీ వేంకటేశ్వరకో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకో, హైదరాబాదుకో చదువుకు పోయే పిల్లలు ఉన్నారు. వాళ్లను బస్సెక్కించి ఇంటికి తిరిగి వచ్చే అమ్మానాన్నలు ఉన్నారు. మీ అందరితో ఆ వైఫై గురించి కొంచెంసేపు మాట్లాడాలని వచ్చాను.

ముందుగా ఒక సంగతి. మీరు వింటున్న ఈ రేడియో, కాంపస్‌లోని ఆ వైఫై ఒకే జాతివి. రెండూ రేడియో అలలే. తేడా పొడవులో ఉంది. కడప కేంద్రం పంపే అల ఒక్కొక్కటి 333 మీటర్ల పొడవు. ఊళ్లో ఒక వీధి అంత. అంత పొడవాటి అల నేలను పట్టుకుని, వంపులు తిరిగి, కొండ వెనక ఉన్న పల్లెకూ చేరుతుంది. వైఫై అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడులో సగం. అది గోడకు తగిలితే నీరసపడుతుంది. ఇనుప బీరువా అడ్డొస్తే అక్కడే ఆగిపోతుంది. నీళ్లు దాన్ని మింగేస్తాయి. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి, ఖాళీ గదిలో చక్కగా వచ్చే సిగ్నలు, అరవై మంది కూర్చున్న క్లాసులో తగ్గిపోతుంది. పొద్దున మేము వచ్చి చూసుకున్నప్పుడు బాగానే ఉంటుంది, పిల్లలు కూర్చున్నాక బాగుండదు. ఈ రహస్యం అర్థం కావడానికి కొత్తలో నాకు చాలా రోజులు పట్టింది.

కొత్త పిల్లలు మొదటి వారం మా గది దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే. "మేడం, వైఫై పాస్‌వర్డ్ ఏంది?" ఇంట్లోనో, అంగట్లోనో వైఫై అంటే గోడ మీద రాసిపెట్టిన ఒక్క పాస్‌వర్డ్. అందరికీ అదే. విశ్వవిద్యాలయంలో అట్లా కాదు. ఎవరి పేరు వాళ్లది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. హాల్ టికెట్ లాగా అది మీది. ఈ తేడా ఎందుకో తర్వాత చెబుతాను. ముందు అసలు ఈ వైఫై ఆలోచన ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఇది పుట్టింది విశ్వవిద్యాలయంలోనే, అందులో మనవైపు మనిషి ప్రస్తావన కూడా ఉంది.

పసిఫిక్ సముద్రం నడుమ హవాయి దీవులు ఉన్నాయి. అక్కడి విశ్వవిద్యాలయానికి ఒక దీవిలో పెద్ద కంప్యూటరు, మిగతా దీవుల్లో కళాశాలలు, మధ్యలో సముద్రం. టెలిఫోను తీగల మీద పని సరిగా సాగేది కాదు. నార్మన్ అబ్రామ్సన్ అనే ఆచార్యుడు, ఆయన తోటివాళ్లు కంప్యూటర్లను రేడియో ద్వారా మాట్లాడిద్దామనుకున్నారు. 1971 జూన్‌లో అది పని మొదలుపెట్టింది. దానికి ఆలోహా అని పేరు పెట్టారు. ఆ దీవుల్లో మన నమస్కారం లాంటి పలకరింపు అది. దీవులన్నిటికీ కలిపి ఒకే దారి. ఎవరికి ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పేయడమే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోతాయి. అప్పుడు ఇద్దరూ తలా కాసేపు ఆగి మళ్లీ చెప్పాలి. ఎంతసేపు ఆగాలన్నది చీటీ తీసినట్టు ఎవరిది వాళ్లకు పడుతుంది. ఇద్దరూ సమానంగా ఆగితే మళ్లీ గుద్దుకుంటారు కదా. పద్ధతి సులువైనదే, కానీ గట్టిగా లెక్కవేస్తే దారిలో నూటికి 18 వంతులకు మించి పని జరగదని తేలింది. మిగతా కాలమంతా మౌనానికో, గుద్దుకోవడానికో పోతుంది. తర్వాతి వాళ్లు దానికి ఒక్క మర్యాద చేర్చారు. ముందు విను, ఎవరూ మాట్లాడకపోతేనే మాట్లాడు. ఈరోజు మీ ఫోనులోని వైఫై చేసేది ఇదే. ఇందులో పెద్ద పంచాయితీ ఏమీ లేదు, వినడం, ఆగడం, తన వంతు వచ్చాక చెప్పడం.

రెండో మజిలీ అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరం, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. కాంపస్ అంతటా నడుస్తూ నెట్‌వర్క్ వాడుకునేట్టు చేయాలని 1993లో అక్కడ అలెక్స్ హిల్స్ ఆధ్వర్యంలో పని మొదలైంది. వైఫై అన్న పేరే అప్పటికి లేదు. వైఫైకి ఆధారమైన ప్రమాణం 1997లో గానీ రాలేదు. వైర్‌లెస్ ఆండ్రూ అని పేరుపెట్టి కొన్ని భవనాలతో మొదలుపెట్టి కాంపస్ అంతా పరిచారు. ఏ భవనంలో ఎక్కడ అలను పంపే పెట్టెలు బిగిస్తే ఎంత దూరం అందుతుందో వాళ్లు గది గదికీ తిరిగి కొలిచి చూసుకున్నారు. ఇప్పుడు మేము చేసే పని కూడా అదే. ఆ సంవత్సరాల్లో ఆ కాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ స్కూలుకు డీన్‌గా ఉన్నది మన రాజ్ రెడ్డి గారు. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టారు. 1994లో కంప్యూటరు రంగంలో అన్నిటికన్నా పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ వైర్‌లెస్ పని హిల్స్ గారిది, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. కానీ మన పల్లెలో పుట్టిన మనిషి పెద్దగా ఉన్న కాంపస్‌లోనే అది నడిచిందని గుర్తొచ్చినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఆ తర్వాత 2008లో మన ఉమ్మడి రాష్ట్రంలో పల్లె పిల్లల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు, ఆ రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ అయింది కూడా ఆయనే. పదో తరగతి మార్కులతో సీటు ఇచ్చి, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, నెట్‌వర్క్ మీదే పాఠం చెప్పాలన్న ఆలోచన అది. మన పక్క గవర్నమెంటు బడి నుంచి ఘాటు దాటి ఇడుపులపాయకు పోయిన పిల్లలు తమ జీవితంలో మొదటిసారి ఎడతెగని నెట్ చూసింది అక్కడే.

మన దేశంలో ఎవరైనా లైసెన్సు లేకుండా ఈ వైఫై అలను వాడుకోవచ్చని ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 2005 జనవరిలో. ఆ తర్వాత మన కళాశాలల గోడలకు ఆ తెల్ల పెట్టెలు బిగించడం పెరిగింది.

ఇక అసలు విషయం. కాంపస్ వైఫై గురించి నేను వినే ఫిర్యాదు ఒకటే. స్లోగా ఉంది మేడం, అంటారు. మీ దగ్గర పెద్ద లైను ఉంది కదా, ఎందుకు ఇవ్వరు, అంటారు. విశ్వవిద్యాలయానికి వచ్చే లైను పెద్దదే. చాలాసార్లు ఇరుకు అక్కడ ఉండదు. ఇరుకు మీ గదికీ, ఆ గోడ మీది పెట్టెకీ మధ్య ఉన్న ఆ పదిహేను అడుగుల గాలిలో ఉంటుంది.

మన ఊళ్లలో చెరువు కింద మడి ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చెరువు నిండా నీళ్లున్నా తూము ఒకటే, కాలవ ఒకటే. ఒకరు మడవ తిప్పుకున్నంతసేపు పక్కవాళ్లు ఆగాలి. వైఫైలో కూడా ఒక పెట్టె కింద ఉన్న ఫోన్లన్నిటికీ కాలవ ఒకటే. మామూలుగా ఒక్క క్షణంలో ఒక్క ఫోనే మాట్లాడాలి. సెకనులో వెయ్యో వంతు కాలంలోనే వంతులు మారిపోతుంటాయి కాబట్టి అందరూ ఒకేసారి వాడుతున్నట్టు మనకు అనిపిస్తుంది. నలభై మంది ఒక పెట్టె మీద ఉంటే నలభై వంతులు.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. అందరి వంతూ ఒకే పొడవు కాదు. పెట్టెకు దగ్గరగా ఉన్న ఫోను చెప్పదలచుకున్నది రెప్పపాటులో చెప్పేస్తుంది. రెండు గోడల అవతల, కారిడారు చివర ఉన్న ఫోనుకు మాట సరిగా వినపడదు. అందుకని అది అదే మాటను చాలా నిదానంగా, ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పుకుంటుంది. అది చెప్పేదాకా మిగతా అందరూ ఆగాలి. దూరాన ఒక్క గీత సిగ్నలుతో పెద్ద సినిమా దించుకునే ఒక్కరు, దగ్గరున్న ముప్పై మంది వంతును తినేస్తారు. ఆ ఒక్కరికీ ఆ సినిమా సరిగా రాదు. అందుకే హాస్టల్లో ఉన్న పిల్లలకు నేను చెప్పేది, పెద్ద పని ఏదైనా ఉంటే పది అడుగులు నడిచి పెట్టెకు దగ్గరగా వచ్చి చేసుకోండి. ఫోను అప్‌డేట్లు, ల్యాప్‌టాప్ అప్‌డేట్లు తెల్లవారుజామున పెట్టుకోండి. రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా కాలవ మీద అందరూ ఉంటారు.

వైఫైలో ముఖ్యంగా రెండు రకాల అలలు ఉంటాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, ఇందాక చెప్పిన జానెడులో సగం అల. ఇంకొకటి 5 గిగాహెర్ట్జ్, దానికన్నా పొట్టిది. మొదటిది కాస్త దూరం పోతుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డు రాకుండా నడిచే కాలవలు మూడే. 1, 6, 11 అని వాటి నంబర్లు. హాస్టల్లో పక్క పెట్టె, పైఅంతస్తు పెట్టె, కింది పెట్టె ఈ మూడింటితోనే సర్దుకోవాలి. రెండోది గోడ దాటితే ఇంకా నీరసపడుతుంది, కానీ కాలవలు చాలా ఉన్నాయి, వేగమూ ఎక్కువ. పెట్టె కనబడే చోట కూర్చుంటే రెండోది పట్టుకోండి. నెట్‌వర్క్ పేరు చివర 5జీ అని ఉంటే అది మొబైల్ కంపెనీల 5జీ అనుకోకండి, ఇక్కడ 5 అంటే గిగాహెర్ట్జ్ లెక్క.

ఒక రాత్రి జరిగింది చెబుతాను. ఆడపిల్లల హాస్టలు మూడో అంతస్తులో ఉన్నట్టుండి ఎవరికీ నెట్ లేదు. ఫోన్లు కనెక్టయ్యాయనే చూపిస్తున్నాయి, కానీ ఒక్క పేజీ తెరుచుకోదు. పరీక్ష ఫీజు కట్టడానికి మరుసటి రోజే ఆఖరు తేదీ. వార్డెన్ ఫోను చేస్తే పదకొండు గంటలప్పుడు వెళ్లాను. నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక చిరునామా కావాలి, ఇంటి నంబరు లాంటిది. దాన్ని ఇచ్చేది మా సర్వరు. ఆ రాత్రి మా సర్వరు కన్నా ముందు వేరే ఎవరో నంబర్లు పంచుతున్నారు. గది గదికీ వెతికితే తేలింది. ఒక అమ్మాయి ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న రౌటరును గదిలోని గోడ సాకెట్టుకు తగిలించింది. ఆ రౌటరు ఇంట్లో లాగానే తనే ఇంటి పెద్ద అనుకుని, ఆ అంతస్తంతా తన సొంత నంబర్లు పంచేసింది. ఎనభై మంది ఉత్తరాలు లేని ఊరికి పోయినట్టు అయింది. రౌటరు పీకేస్తే పది నిమిషాల్లో సర్దుకుంది.

ఆ అమ్మాయి భయపడి ఏడ్చింది. మనవైపు అమ్మాయే, ఉదయగిరి దగ్గర పల్లె. ఎందుకు పెట్టావమ్మా అంటే, "మా గదిలో సిగ్నల్ రాదు మేడం, ఆరు నెలల నుంచి మెట్ల మీద కూర్చునే చదువుకుంటున్నా" అంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆ అంతస్తులో పెట్టె కారిడారు చివర ఇనుప బీరువాల వరస వెనక బిగించి ఉంది. బీరువాలు తర్వాత వచ్చాయి, ఎవరూ మళ్లీ కొలవలేదు. ఆ పిల్ల మాకు చెప్పలేదు, మేము ఆమెను అడగలేదు. వారంలో పెట్టెను కారిడారు నడిమికి మార్చాం. కొత్తగా వచ్చే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. మీ గదిలో రాకపోతే సొంత రౌటరు పెట్టుకోకండి, మెట్ల మీద కూర్చుని ఊరుకోకండి. వచ్చి చెప్పండి. ఏ గది, ఏ టైము, ఏ ఫోను, అంతే. రెండు వాక్యాలు రాసిచ్చినా చాలు. పల్లె నుంచి వచ్చిన పిల్లలు అడగటానికి సిగ్గుపడతారు. అడగని గదికి పెట్టె రాదు.

పాస్‌వర్డ్ సంగతి చెబుతానన్నాను. మీ పేరుతో లోపలికి వచ్చి ఎవరు ఏం చేసినా, లెక్కల్లో అది మీరు చేసినట్టే ఉంటుంది. స్నేహితుడు అడిగాడని ఇచ్చేస్తారు. ఆ స్నేహితుడు ఇంకొకరికి ఇస్తాడు. ఆ ఇంకొకరు ఎవరికో పాడు మెసేజి పంపితే పోలీసులు మొదట అడిగేది మిమ్మల్ని. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షను కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మీకు స్నేహం ముఖ్యమైతే, ఆ స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని మా గదికి రండి, అతనికీ ఖాతా ఇస్తాం.

దొంగ వైఫై కూడా ఉంటుంది. ఎవరైనా ఒక ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, దానికి విశ్వవిద్యాలయం పేరే పెట్టవచ్చు. మీ ఫోను మోసపోయి దానికి తగులుకుంటుంది. అసలు పేజీ లాంటి పేజీ చూపించి పాస్‌వర్డ్ అడుగుతుంది. దీని నుంచి కాపాడేది సర్టిఫికెట్. మొదటిసారి కనెక్టయ్యేటప్పుడు ఈ సర్టిఫికెట్‌ను నమ్మాలా అని ఫోను అడిగినప్పుడు, తొందరపడి సరే కొట్టకండి. అందులో మీ విశ్వవిద్యాలయం సర్వరు పేరు ఉందో లేదో చూడండి, తెలియకపోతే మమ్మల్ని అడగండి. పాత ఫోన్లలో సర్టిఫికెట్ చూడవద్దు అనే ఎంపిక ఒకటి ఉంటుంది, సీనియర్లు అదే నొక్కమంటారు. నొక్కవద్దు. ఇంకొక మాట. ఏ విశ్వవిద్యాలయం వైఫై కూడా మీ బ్యాంకు ఓటీపీ అడగదు. స్కాలర్‌షిప్ ఆగింది, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగింది అంటూ వచ్చిన లింకు నొక్కి డబ్బు పోగొట్టుకుంటే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. మొదటి గంటలో చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం ఎక్కువ.

ఆడపిల్లలు చాటుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. మా మెసేజీలు మీకు కనబడతాయా మేడం? దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. మీరు ఏ టైముకు లోపలికి వచ్చారు, ఏ పెట్టె కింద ఉన్నారు, ఎంత డేటా వాడారు అనేది మాకు తెలుస్తుంది. ఏ సైటుకు పోయారో, దాని పేరు కూడా చాలావరకు తెలుస్తుంది. ఆ సైటులో మీరు ఏం రాశారో, ఏం చదివారో, తాళం గుర్తు ఉన్న సైటయితే మాకు తెలియదు. వాట్సాప్‌లో మీరు అమ్మకు రాసింది మాకు కనబడదు. పెట్టెలు చూసేవాళ్లు ఈ హద్దు దాటకూడదు. ఎవరైనా దాటితే పిల్లలు నిలదీయాలి, ఆ హక్కు మీకుంది.

పాస్‌వర్డ్ ఎవరిది వాళ్లకే ఇవ్వడం వల్ల ఒక పెద్ద మేలు కూడా ఉంది. ఎడ్యురోమ్ అని ఒక ఏర్పాటు. ఇరవై ఏళ్లకు ముందే నెదర్లాండ్స్‌లో మొదలై ఇప్పుడు వందకు పైగా దేశాల్లో నడుస్తోంది. మన దేశంలో ఎర్నెట్ సంస్థ చూస్తోంది. మీ విశ్వవిద్యాలయం అందులో చేరి ఉంటే, మీరు జర్మనీలో అందులో చేరిన ఏదో కాంపస్‌లో అడుగుపెట్టినా మీ ఫోను దానంతట అదే కనెక్టవుతుంది. అక్కడి సర్వరు మీరెవరని అడుగుతుంది, మీ ఊరి సర్వరు మా పిల్లే అని హామీ ఇస్తుంది. మీ పాస్‌వర్డ్ దారిలో ఎవరికీ కనబడదు. పరాయి ఊరు పోతే చుట్టాల పేరు చెప్పుకుని దిగినట్టు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. అమ్మానాన్నలు ఇది వినాలి. వైఫై అంటే ఫోను చూసుకోవడం అని మీకు ఒక బెంగ ఉంటుంది. అది అక్కరలేని బెంగ అని నేను అనను. కానీ కాంపస్ నెట్‌వర్క్‌లో ఉంటే సులువుగా తెరుచుకునే తలుపులు కొన్ని ఉన్నాయి. పరిశోధన పత్రికలు అని ఉంటాయి. ప్రపంచంలో వైద్యం, వ్యవసాయం, రసాయనం, చరిత్ర, ఏ విషయంలో కొత్తది కనిపెట్టినా మొదట అచ్చయ్యేది వాటిలోనే. బయట ఒక్క వ్యాసం చదవాలంటే రెండు మూడు వేల రూపాయలు అడుగుతారు. కాంపస్ నెట్‌వర్క్ నుంచి పోతే, మీ ఫోనుకు నెట్‌వర్క్ ఇచ్చిన చిరునామా విశ్వవిద్యాలయానిదని గుర్తించి, పైసా అడగకుండా తెరుస్తారు. చందా ముందే కట్టి ఉంటుంది కాబట్టి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 పెద్ద ప్రచురణ సంస్థల పత్రికలు, సుమారు 13,000. 2025 జనవరి నుంచి దేశంలో 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు, 1.8 కోట్ల మందికి అవి అందుబాటులోకి వస్తున్నాయి. ఇంతకు ముందు పెద్ద ఐఐటీలో ఉన్నవాళ్లు చదివింది, ఇప్పుడు చిన్న ఊరి ప్రభుత్వ కళాశాల పిల్ల కూడా చదవవచ్చు. చాలామంది పిల్లలకు ఈ సంగతే తెలియదు. నాలుగేళ్లు ఆ గాలిలోనే తిరిగి, ఆ తలుపు ఒక్కసారి కూడా తట్టకుండా వెళ్లిపోతారు. నాకు కలిగే బాధల్లో ఇది పెద్దది. పిల్లలారా, మొదటి నెలలోనే లైబ్రేరియన్ గారి దగ్గరికి పోయి, ఈ పత్రికలు ఎట్లా తెరవాలో చూపించమని అడగండి. దేశంలోని చాలా పీహెచ్‌డీ గ్రంథాలు శోధగంగ అనే సైటులో ఉంటాయి. వాటికి కాంపస్ కూడా అక్కరలేదు, సెలవుల్లో సీతారామపురం నుంచి కూడా చదవవచ్చు.

ఆ తలుపుల వెంట తిరుగుతూ నేను ఒక రాత్రి మా ఇంటికే చేరాను. హాస్టళ్లలో అందరూ నిద్రపోయాక, కాలవ ఖాళీగా ఉన్నప్పుడు, చెరువుల మీద పాత శాసనాల కోసం వెతుకుతున్నాను. ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటం దొరికింది. ఇది డబ్బు కట్టాల్సిందేమీ కాదు, ఎవరైనా దించుకోవచ్చు. కానీ అంత బరువైన పుస్తకం మా ఊళ్లో సిగ్నలుతో దిగేది కాదు. అందులో సుఖ్తంకర్ గారు చదివి అచ్చువేయించిన శాసనం ఒకటి ఉంది. మా ఘాటు దిగితే వచ్చే పోరుమామిళ్ల చెరువుది.

1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని ఇంకో పేరు, మన ఉదయగిరి నుంచి ఏలుతూ ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు ఆ రాతి మీద చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం. చవుటి నేల. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. చెరువు నడుమ మిట్ట. నీళ్లు తక్కువై పారే నేల ఎక్కువ కావడం. నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం.

అర్ధరాత్రి ఆ ఆరూ చదువుతుంటే నాకు మా కాంపస్ కనబడింది. రెండు రాజ్యాల సరిహద్దు అంటే, రెండు పెట్టెల మధ్య పడి ఏదీ సరిగా అందని మూలగది. నడుమ మిట్ట అంటే ఆ ఇనుప బీరువాలు. నీళ్లు తక్కువ, నేల ఎక్కువ అంటే రెండు వందల మంది కూర్చునే హాలుకు ఒక్క పెట్టె. నేల తక్కువ, నీళ్లు ఎక్కువ అంటే రోజూ సాయంత్రం నలుగురు కూడా ఉండని ఆఫీసు బ్లాకులో బిగించిన ఏడు పెట్టెలు. మరుసటి వారమే అందులో మూడింటిని పీకి హాస్టలుకు పంపించాం. కట్ట ఊరడం అంటే అందరి చేతుల్లో తిరిగే పాస్‌వర్డ్ అనిపించింది. చవుటి నేలకు మాత్రం నాకు పోలిక దొరకలేదు.

ఆ ఆరింటినీ తెలుగులో రాసి మా గది తలుపు మీద అంటించాను. కింద శాసనం సంవత్సరం, ఊరు పేరు. ఒకరోజు ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చిన అబ్బాయి ఒకడు దాని ముందు నిలబడి చాలాసేపు చదివాడు. "మేడం, మా అమ్మమ్మ ఊరు పోరుమామిళ్లే" అన్నాడు. ఫోటో తీసి అక్కడే, ఆ వైఫై మీదే వాళ్ల తాతకు పంపాడు. కాసేపటికి తాత మాట రికార్డు చేసి పంపితే, ఆ పిల్లవాడు స్పీకరు పెట్టి నాకు వినిపించాడు. కడప మాట, ముసలి గొంతు.

"ఆ రాళ్లు భైరవుడి గుడికాడ ఉండేటివేరా. చిన్నప్పుడు గొడ్లు తోలకపోయినప్పుడు వాటి నీడనే కూర్చునేటోళ్లం. అందులో మన చెరువు సంగతే రాసుందా? ఇంకా ఏముందో చదివి పంపు."